మూసిన చెక్కలో గేదెలు

రాజమండ్రికి ఎగువన మాకున్నది మెట్ట భూమి. ఎర్రమట్టి నేల, ఏటవాలు. పై సగం మా ఆయన అన్నగారిది, అంటే మా బావగారిది, కింది సగం మాది. మా ఆయన మండపేటలో మిల్లు లారీ తోలుతారు, ఇంటికి రావడం తక్కువ. పశువుల పని నాదే.

రెండు సగాల మీదుగా పశువులు దిగే దారి వెంట వాననీళ్ళు నేలను కోసి గండి పెట్టాయి. అది ఏటేటా పెద్దదవుతోంది.

"గడ్డి మొదలంటా మేపేస్తున్నామమ్మా, ఇక మన్నేం నిలుస్తుంది? నేలని చెక్కలుగా విడదీసి, ఒకదాని తర్వాత ఒకటి మేపుదాం. గండి చుట్టూ ఉన్న చెక్కలోకి మాత్రం గడ్డి నిలదొక్కుకునేదాకా ఒక్క గొడ్డు కూడా దిగకూడదు."

ఈ మాటన్నది బావగారే. ఇద్దరం కలిసి ముళ్ళకంప వేశాం. మేపే చోటు తగ్గేసరికి నేను దూరం వెళ్ళి గడ్డి కోసుకొచ్చి పాకలో వేసేదాన్ని. పాలు తగ్గాయి. అయినా ఓర్చుకున్నాను. మరుసటి వానలకి గండి అంచుల్లో పచ్చగా గడ్డి పట్టింది. మట్టి జారడం ఆగింది. ఆ అంచున కూర్చుని చూసుకుంటే కడుపు నిండినట్టుండేది.

అంతలో మా అమ్మాయి పురిటికి కాకినాడ వెళ్ళాల్సి వచ్చింది. "నువ్వు నిశ్చింతగా వెళ్ళమ్మా, నేను చూసుకుంటాను" అన్నారు బావగారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. "ఇప్పుడే కంప దగ్గరికి వెళ్ళొచ్చాను. గడ్డి మోకాలెత్తు లేచింది" అనేవారు. ఆ మాట అమ్మాయికి కూడా సంబరంగా చెప్పేదాన్ని.

తిరిగొచ్చేసరికి కంప పక్కకి లాగేసి ఉంది. మూసిన చెక్కలో మావి కాని గేదెలు పడుకుని ఉన్నాయి. గడ్డి లేదు, తొక్కిన బురదే. పెద్ద వాన పడిందట, గండి పక్కకి చీలి మా పాక వెనక దాకా వచ్చేసింది.

నేరుగా బావగారింటికి వెళ్ళాను.

"ఎవరివండీ ఆ గేదెలు?"

"మా వియ్యంకుడిగారివి. కింద డెల్టాలో ఊడ్పులు కదా, మేపే చోటు లేదన్నారు. కాదనలేకపోయానమ్మా."

"మరి ఫోన్‌లో గడ్డి లేచిందన్నారేంటండీ?"

ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు. "నువ్వు హాస్పిటల్లో ఉన్నావు, కంగారు పడతావని" అన్నారు.

గేదెలు దిగాయన్న బాధ కన్నా, రోజూ నాతో అంత చల్లగా అబద్ధం చెప్పారన్నదే నన్ను కోసేసింది. మా ఆయనకి ఫోన్ చేస్తే, "అన్నయ్య కావాలని చెయ్యడులే, వదిలెయ్" అన్నారు.

మా సగం వరకు మళ్ళీ కంప వేశాను. కానీ నీళ్ళు వచ్చేది పైనుంచి. ఆయన సగంలోని చెక్క కూడా మూయకపోతే నా గడ్డి నిలవదు. అందుకే మనసు చంపుకుని వెళ్ళి అడిగాను. అప్పటికి వియ్యంకుడిగారి గేదెలు వెళ్ళిపోయాయి కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు. ఈ ఏడు గండి అంచుల్లో మళ్ళీ గరిక పాకుతోంది, పాక వైపు కోత ఆగింది.

బావగారు ఎదురైతే పలకరిస్తాను, పండక్కి పిండివంటలు పంపిస్తాను. కంప బాగానే ఉందమ్మా అంటారు. సరేనండి అంటాను. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళి నేనే చూసొస్తాను.