అమ్మ చోట్లో లారీ ఇంజను

కాలిన ఇంజనాయిలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, తమిళనాట రాజపాళయంలో మాకో పాత వ్యాను ఉండేది. వెనక పడక, పొయ్యి, కిటికీలకు అమ్మ కుట్టిన తెరలు. తెరల్లేని బండి మా రాజుల ఇళ్ళ ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు. ఏటా అందులో కుట్రాలం జలపాతానికి వెళ్ళేవాళ్ళం. అమ్మ ఊరు దాటేది అప్పుడే.

ఒక ఏడు ఇంజను చెడింది. నాయన, చిన్నాయన ఓ పాత లారీ ఇంజను తెచ్చి వాకిట్లో తామే బిగించారు. అది ముందు పట్టకపోతే డ్రైవరు సీటు వెనక్కి జరిపి, పడక పీకేశారు. ఇక త్వరగా చేరుకుంటామని నేను పావడాలు సర్దుకున్నాను.

"మేము యాడ కూచునేది?" అంది అమ్మ.

"ఇంజను పెద్దదైపోయినాది. ఈ తూరి మగోళ్ళం పోయి వస్తాము," అన్నాడు నాయన.

వచ్చే ఏడు చిన్న ఇంజను పెడతారనుకున్నాను. ఎవరూ పెట్టలేదు. మగవాళ్ళు మాత్రం ఏటా వెళ్ళారు. తెరలు విప్పలేదు. వాటిని చూసి, లోపల ఆడవాళ్ళున్నారనుకుని దారిలో జనం మర్యాదగా తప్పుకునేవారని చిన్నాయన భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పేవాడు.

అమ్మ వడ్డిస్తూ వినేది.