బాపు ఆఖరు… 9 రోజులు

నవ్వం అని మాటిస్తేనే చెప్త. లేకుంటే చాయ తాగి ఎవలింటికి వాళ్లం పోదాం. మొన్న నెలాఖరుకు నా కంప్యూటర్ మీదున్న అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి మా బాపును సావుబతుకుల మీదికి తెచ్చింది. బాపుకు ఏం కాలే, శుభ్రంగ ఉన్నడు. సావుబతుకుల మీద ఉన్నడని అనుకున్నది మా కాలేజోళ్లు. వాళ్లది గూడ తప్పు కాదు. తప్పంతా నాదే.

నా సంగతి మీకెర్కనే. కరీంనగర్ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్‌ను. పని కన్నా ఆ కంప్యూటర్‌ను ముస్తాబు చేసుడే నాకు ఎక్కువ ఇష్టం. స్క్రీన్ మీద చిన్న చిన్న విడ్జెట్లు పెట్టుకుంట. మూలకు గుండ్రటి గడియారం, దాని కింద క్యాలెండర్, పక్కకు ఎండెంతుందో చెప్పే డబ్బా. నేనుండేది కరీంనగర్ల గానీ ఎండ మాత్రం మందమర్రిది పెట్టుకున్న, అవ్వ బాపు ఆడ ఉంటరు గదా. బాపు బొగ్గుబాయిల పనిచేస్తడు. బాయి లోపట ఎండేముంటదే పిచ్చిదాన అని ఫోన్ల నవ్వుతడు. అయినా నాకు చూసుకోవాలె. పసుపు రంగు చిట్టీలు గూడ ఉంటయ్, మరిచిపోకుండ రాసిపెట్టుకునేటివి. నా మతిమరుపుకు ఆ చిట్టీలే దిక్కు.

ఆ నెలాఖరుకు బాపు దిగిపోతుండు. అంటే రిటైర్ అయితుండు. మా బొగ్గుబాయిల దిక్కు అందరు గట్లనే అంటరు, ఫలానాయన దిగిపోయిండు అంటే డ్యూటీ అయిపోయి ఇంట్ల కూసున్నడని. ఆఖరు డ్యూటీ రోజు పెద్ద సంబరం. షిఫ్టు చేసి పైకొచ్చిన మనిషికి గేటుకాడనే దండలేసి, గులాలు చల్లి, పూలు కట్టిన జీపెక్కించి, బ్యాండుతోటి ఇంటిదాంక తీస్కపోతరు.

మా బాపు నోరు తెరిచి నన్ను ఏదీ అడిగినోడు కాదు. ఈసారి అడిగిండు. "ఆఖరుసారి పైకచ్చెటాల్లకు నువ్వు గేటుకాడ ఉండాలె బిడ్డా" అన్నడు. గంతే. దాని వెనుక సంగతి నాకెర్కనే. నాకు మూడేండ్లున్నప్పుడు బాయిల కప్పు కూలింది. అవ్వ నన్ను సంకనేసుకొని పొద్దుగూకెదాంక ఆ గేటుకాడనే నిలవడ్డది. బాపు బయటికొచ్చి ముందుగాల నా మొఖమే చూసిండట. ఆఖరుసారి గూడ నా మొఖమే కనవడాలె ఆయనకు. ఇగ నేను పోకుంటే ఎట్ల?

కాలేజీల అదే రోజు ఇన్‌స్పెక్షన్ పడ్డది. ఎవ్వలికి సెలవు లేదు, ఇంట్ల పెండ్లున్నా లేదు అని ప్రిన్సిపాల్ సార్ ముందే చెప్పేసిండు. సార్ మంచోడే, ఇన్‌స్పెక్షన్ అంటే మాత్రం ఆయనకు మస్తు బుగులు. ఫైళ్లన్నీ చూస్తే నా కంప్యూటర్లనే ఉన్నయ్. లీవ్ లెటర్ మూడుసార్లు రాసిన, మూడుసార్లు చింపిన. అడిగే ధైర్యం లేనోళ్లు ఏంజేస్తరు? విడ్జెట్ పెట్టుకుంటరు.

ఇంకెన్ని రోజులున్నయో చూపెట్టే కౌంట్‌డౌన్ విడ్జెట్ ఒకటి వెతికి పెట్టుకున్న. పేరు అడిగింది, 'బాపు ఆఖరు డ్యూటీ' అని కొట్టిన. డబ్బా చిన్నది, పేరు పట్టలే. 'బాపు ఆఖరు' దాంక చూపెట్టి మూడు చుక్కలు పెట్టింది. కింద పెద్ద పెద్ద అక్షరాలల్ల రోజులు. అదేందో నాకెర్కనే గదా, ఇగ దాన్ని ముట్టలే. పక్కనే పసుపు చిట్టీల సంబరానికి కావలసిన సామాను రాసుకున్న.

గట్లుండంగ స్టాఫ్ మీటింగ్ వచ్చింది. నా కంప్యూటర్‌కు ప్రొజెక్టర్ కలిపి, ఎవలు ఏ ఫైలు తయారు చేయాల్నో గోడ మీద చూపెట్టాలె. ఫైలు తెరవంగనే కంప్యూటర్ హ్యాంగ్ అయ్యింది. నేను టేబుల్ కిందికి దూరి వైర్లు పీకుడు పెట్టుడు మొదలువెట్టిన. ఫైలు రాలే గానీ నా డెస్క్‌టాప్ గోడంత అయ్యి అందరి ముంగట నిలవడ్డది. పది నిమిషాలు. ఆ గోడ మీద ఏముందో ఇప్పుడు చెప్త, మీరు మాత్రం నన్ను ఎరుగనోళ్ల లెక్క వినుండ్రి.

'బాపు ఆఖరు… 9 రోజులు.' పక్కన చిట్టీల, 'బ్యాండు. టెంటు, కుర్చీలు. పెద్ద దండలు. గులాలు. బాపుకు కొత్త తెల్లబట్టలు. బాపు ఫొటో, పెద్ద సైజు, ఫ్రేమ్ కట్టియ్యాలె. చుట్టాలకు ఫోన్లు.'

టేబుల్ కిందున్న నాకు ఒక్కటే ఎర్కైంది, హాల్ల సప్పుడంతా బందయ్యింది. కంప్యూటర్ ఎప్పుడు సెట్ అయితదా అని అందరు ఊపిరి బిగవట్టి చూస్తుండ్రేమో అనుకున్న.

మీటింగ్ అయినంక సార్ రూముకు పిలిచిండు. హ్యాంగ్ అయినందుకు తిడ్తడని భయపడుకుంట పోయిన. కూసోమన్నడు. మూడేండ్లల్ల ఆయన నన్ను కూసోమన్నది గదే మొదలు.

"బాపుకు ఎట్లుంది రజితా?" అన్నడు మెల్లగ.

"దిగిపోతుండు సార్. ఇంక తొమ్మిది రోజులే" అన్న. నేను అడగలేక సస్తున్న సంగతి సారే అడిగెసరికి నాకు పానం లేచొచ్చింది.

"ఏం చేసే తోవ లేదా?"

"లేదు సార్. ఆయనకు నిండిపోయింది. ఇగ ఎవలు ఆపలేరు."

"ఆయనకు తెలుసా అమ్మా?"

"తెలుసు సార్. ఆయనే రోజులు లెక్కవెట్టుకుంటుండు. బ్యాండోళ్లను గూడ ఆయనే పోయి మాట్లాడొచ్చిండు."

సార్ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. ఇగ నేను ఊకుంటనా? జీపు సంగతి చెప్పిన, పూల సంగతి చెప్పిన, బాయికాడికెల్లి ఇంటిదాంక ఊరేగింపు ఉంటదని చెప్పిన. సార్‌ది మానకొండూరు దిక్కు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆయనకు బాయి అంటే పొలం కాడి బాయి. మనిషి పోతే వాళ్లింట్ల సొంత పొలానికి, ఆ బాయికాడికే తీస్కపోతరట. అందుకే, ఇంటికాడికెల్లి బాయికాడికి గదా అమ్మా అని అడిగిండు. కాదు సార్, బాయికాడికెల్లి ఇంటికే అన్న. దుఃఖంల బిడ్డ మాట తడబడుతుందని అనుకున్నడట, తర్వాత చెప్పిండు.

సెలవు అని నేను నోరు తెరవకముందే, నువ్వు పో, ఇన్‌స్పెక్షన్ సంగతి నేను చూసుకుంట, పదకొండు రోజులు గడిచినంకనే రా అన్నడు. పదకొండు ఎందుకో నాకు సమజ్ కాలే. వద్దు సార్, ఒక్కరోజు చాలు, తెల్లారే డ్యూటీకి వస్త అన్న. సార్ నన్ను అట్లనే చూసుకుంట ఉండిపోయిండు. నేనేమో నా సిన్సియారిటీకి మెచ్చుకుంటుండని ఛాతి విరుచుకొని బయటికొచ్చిన.

ఆనాటికెల్లి కాలేజీ మొత్తం నా మీద ప్రేమ ఒలకబోసింది. లైబ్రరీల పనిచేసే పద్మక్క రోజూ నా కోసం వేరే గిన్నెల కూర తెచ్చింది. జువాలజీ సార్ ఏదో గుడి విభూతి పొట్లం కట్టి ఇచ్చిండు, బాపు నుదుటికి పెట్టమని. అటెండర్ నా టేబుల్ కాడికొచ్చి ఫ్యాన్ స్పీడు పెంచి పోయిండు. బాపు దిగిపోతుండంటే గింత గౌరవమా, బొగ్గుబాయి కార్మికులంటే జనాలకు ఎంత విలువ అని నేను మురిసిపోయిన. ఇంటికి ఫోన్ చేసి చెప్తే బాపు గూడ మురిసిండు. మీ కాలేజోళ్లు శాన మంచోళ్లు బిడ్డా అన్నడు.

డబ్బాల ఇంక రెండు రోజులు మిగిలినయ్. పద్మక్క నా వెనుక నిలవడి స్క్రీన్‌ను చూసి చూసి ఇగ ఆగలేక అన్నది, "గా డబ్బా తీసెయ్యవే. కన్నతండ్రి పానం ఇంకెన్ని రోజులుంటదో ఎవలన్న గిట్ల ఎదురుంగ పెట్టుకొని చూస్తరా?"

ముందు నాకేం అర్థం కాలే. అక్క మొఖం చూసిన, డబ్బా చూసిన, చిట్టీ చూసిన. తెల్లబట్టలు. ఫ్రేమ్ కట్టిన ఫొటో. గులాలు. అప్పుడు వెలిగింది. సార్ రూముల నేను అన్న మాటలు ఒక్కొక్కటే యాదికొచ్చినయ్. నిండిపోయింది, ఎవలు ఆపలేరు, తెల్లారే డ్యూటీకి వస్త. ఛీ, నా నోరు పాడుగాను అని నన్ను నేనే తిట్టుకున్న.

అక్కకు చెప్తే నిమిషంల కాలేజంతా తెలుస్తది. తెలిస్తే సెలవు పోతది, గేటుకాడ బాపుకు నా మొఖం కనవడది. చెప్పకుంటే బతికున్న బాపును నా చేతులతోటి పాడె మీద పండవెట్టినట్టే. మస్తు పరేషాన్ అయ్యింది. ముంగటికి రెండడుగులు, వెనక్కి ఒకడుగు వేసుకుంట సార్ రూముకు పోయిన. "సార్, బాపు బాగనే ఉన్నడు" అన్న. సార్ కుర్చీలకెల్లి లేచి, గట్లనే ధైర్యంగ ఉండాలె అన్నడు. చెప్పిన గదా. నిజమే చెప్పిన గదా. నమ్మకపోతే నేనేం జేయాలె అని నాకు నేనే సర్దిచెప్పుకొని మందమర్రి బస్సెక్కిన. పెద్దపల్లి దాటెదాంక గా మాటే అనుకున్న, అయినా మనసు నిమ్మళం కాలే.

ఆఖరు రోజు మూడింటికి మొదటి షిఫ్టు వదిలింది. నేను, అవ్వ గేటుకాడ నిలవడ్డం. ఒక్కొక్కలే వస్తుండ్రు. బొగ్గుతోటి అందరి మొఖాలు ఒక్కతీరుగనే ఉంటయ్, అయినా బాపు నడక నాకు దూరంకెల్లే ఎర్కైంది. టోపీ లైటు అప్పజెప్పి గేటు దాటంగనే నన్ను చూసిండు. నా తలమీద పెడ్దామని చెయ్యి ఎత్తి, చేతికున్న మసి చూసి ఆగిండు. నేనే ఆ చెయ్యి పట్టి తలమీద పెట్టుకున్న. ఏడ్చిన, మస్తు ఏడ్చిన, చెప్పనీకి సిగ్గేముంది.

ఆడనే నల్లా కాడ స్నానం చేసి బాపు తెల్లబట్టలు వేసుకున్నడు. జీపు కదిలింది. మార్కెట్ కాడికి వచ్చెసరికి బ్యాండు దంచుతుంది, బాపు జీపుల నిలవడి భుజాలు ఎగరేస్తుండు. గప్పుడు ఎదురుంగ కనవడ్డడు మా ప్రిన్సిపాల్ సార్. ఇన్‌స్పెక్షన్ వాయిదా పడ్డదట. ఖాళీ దొరికింది గదా అని, బాపును ఆఖరుసారి చూసి పోదామని కారేసుకొని వచ్చిండు. మార్కెట్ కాడ దిగి మా ఇల్లు అడిగితే, బ్యాండు సప్పుడు వస్తుంది గదా, గా సప్పుడు దిక్కు పోండ్రి అని ఎవలో చెప్పిండ్రట. ఇగ అయిపోయిందనుకున్నడు సార్. చెప్పులు కారులనే ఇడిచి, చేతుల బంతిపూల దండ పట్టుకొని, తల వంచుకొని ఎండల నడుసుకుంట వస్తుండు. జనం జరిగి తోవ ఇచ్చిండ్రు. జీపు ముంగట ఆగి సార్ తల ఎత్తిండు.

పైన బాపు, మొఖం నిండ గులాలు, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతుండు. నేను మధ్యల దూరి, బాపూ, మా ప్రిన్సిపాల్ సార్ అన్న. బాపు దండం పెట్టి, కిందికి వంగి, మెడ చాపిండు. సార్‌కు ఏం తోచక దండ వేసిండు. బ్యాండోళ్లు ఇంకింత గట్టిగ కొట్టిండ్రు.

ఇంటికాడ టెంటు కింద కూసున్నంక అన్నీ ఒప్పుకున్న. డబ్బా, మూడు చుక్కలు, చిట్టీ, ఆఖరికి నాకు ఎర్కైనంక గూడ నోరు మూసుకున్న సంగతి. ఉద్యోగం పోయినట్టే అనుకున్న. బాపే జరిగి సార్ చెయ్యి పట్టుకున్నడు.

"ముప్పై ఏండ్లు బాయిల దిగిన సార్. దిగినప్పుడల్ల ఇంటోళ్లు నేను మళ్ల పైకత్తనో రానో అనే ఉన్నరు. నేను సచ్చిననుకొని నువ్వు గంత దూరంకెల్లి అచ్చినవ్. నా బిడ్డ పనిచేసే కాడ గిసొంటి మనిషి ఉన్నడని ఎర్కైంది, నాకు గదే సంతోషం" అన్నడు.

సార్ నవ్వుడు మొదలువెట్టిండు. నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి పక్కకు పెట్టిండు. మటన్ రెండోసారి వేయించుకున్నడు. పోయేటప్పుడు మాత్రం నా దిక్కు తిరిగి, రేపు పొద్దున ఆఫీసుల కనవడాలె అన్నడు.

తెల్లారి మొదటి బస్సే పట్టుకున్న. అయినా నేను పోయెటాల్లకు ప్రేయర్ మొదలైంది. సార్ ఇంక రాలే. గేట్ల అడుగు పెట్టంగనే చూస్తే పిల్లలు, స్టాఫ్ అందరు తలలు వంచి మౌనంగ నిలవడ్డరు. ఎవలో పోయినట్టున్నరు పాపం అనుకున్న. చెప్పులిడిచి నేను గూడ ఆఖరు లైన్ల నిలవడి కండ్లు మూసుకున్న. నిజం దాచిన పాపం నా మీద ఉండె, అందుకే జర గట్టిగనే మొక్కిన. ఎవలైతేంది దేవుడా, ఇన్నేండ్లు పడ్డ కష్టం చాలు, ఆ మనిషిని ఇగనన్న నిమ్మళంగ ఉండనియ్యి అని.

రెండు నిమిషాలైనంక పక్కకున్న పద్మక్కను మెల్లగ అడిగిన, "ఎవలు పోయిండ్రక్కా?"

అక్క నన్ను చూసి, నా భుజం మీద వాలి బోరున ఏడ్చింది. "మీ బాపేనే" అన్నది.

ముందటిరోజు బ్యాండు సప్పుడు వినంగనే సార్ కాలేజీకి ఫోన్ చేసిండట. రజిత వాళ్ల బాపు పోయిండు, రేపు ప్రేయర్ల మౌనం పాటించుండ్రి అని. తర్వాత జీపుల బాపును చూసిన గాబరల, మళ్ల ఫోన్ చేసి వద్దని చెప్పుడు మరిచిపోయిండు.

గీ సంగతి నాకు తర్వాతనే తెలిసింది. అప్పుడైతే దబ్బదబ్బ ఇంటికి ఫోన్ కొట్టిన. అవ్వ ఎత్తింది. బాపు ఏం జేస్తుండవ్వా అన్న.

"ఇంక లేవలే బిడ్డా. ముప్పై ఏండ్లల్ల గింత పొద్దెక్కెదాంక పండుకున్నది ఇయ్యాలనే. ఒకటే గురక" అన్నది.

లేపకు అవ్వా, పండనియ్యి అన్న. నా జన్మల నేను మొక్కిన మొక్కులల్ల ఫలించింది గదొక్కటే.