కాంతి వేగంలో ఫెయిలైన పోలమ్మ

పాండిచ్చేరి నుంచి యానాం వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు గారిని, పట్టపగలు, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా, గోదావరి మధ్యలో కుర్చీ ఎక్కించిన ఘనత నాది. ఈ ఘోరం ఎనభైల్లో జరిగింది. తెలియక చేశాను అనడానికి కూడా లేదు. ఎంతో తెలిసి, లెక్కలు కట్టి, కింద సంతకం పెట్టి మరీ చేశాను.

అప్పట్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. బీఎస్సీ ఫస్టు క్లాసు. ఒక హైస్కూల్లో లేబ్ అసిస్టెంటుని, అదీ టెంపరరీగా. నన్ను పర్మనెంటు చేసే కాగితం రెండేళ్ళుగా పాండిచ్చేరిలో ఏదో బీరువాలో హాయిగా నిద్రపోతోంది. సాయంత్రాలు మా రీడింగు రూములో సైన్సు క్లబ్బుకి కార్యదర్శిని. వరండాలో మాకో నల్లబోర్డు ఉండేది. ఎవరికి ఏ సందేహం వచ్చినా దాని మీద రాయవచ్చు. తెలిసినవాళ్ళు కింద జవాబు రాయవచ్చు.

తెలిసినవాళ్ళు రాస్తే బాగానే ఉండును. ఒకాయన "ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?" అని రాశాడు. కింద ఎవరో "సముద్రం దగ్గర కనక" అని రాశారు. దాని కింద ఇంకొకరు "మరి హైదరాబాదులో?" అన్నారు. మూడో ఆయన "అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు" అని నిజాయితీగా రాసి వెళ్ళిపోయాడు. సైన్సుకి ఇంత అవమానమా! నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే మీటింగు పెట్టించాను.

మా అధ్యక్షులు వెంకటరత్నం గారు రిటైరైన పోస్టుమాస్టరు. ఆయనకి కోపం రాదు, తొందర అసలే రాదు.

"ఇక మీదట పరీక్ష పాసైనవాళ్ళకే సుద్దముక్క ఇవ్వాలండి మాస్టారూ," అన్నాను.

"పరీక్షేంటోయ్? తెలీకే కదా అడుగుతారు. అన్నీ తెలిసినోడికి మన బోర్డెందుకు?"

"అడగడానికైనా ఓ స్థాయి ఉండాలండి. తప్పు జవాబులు చదివి పిల్లలు పాడైపోతే ఎవరిదండి బాధ్యత?"

"ఒకడు తప్పు రాస్తే ఇంకోడు దిద్దుతాడు. నేను పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు చేశానోయ్. ఉత్తరం రాసేవాడికి ఏనాడూ పరీక్ష పెట్టలేదు. అయినా ఊళ్ళో కబుర్లన్నీ చేరిపోయాయి."

రాజీనామా చేస్తానని బెదిరించాను. మీటింగులకి టీలు చెప్పేది నేనే కావడంతో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

పది ప్రశ్నలు, ఏడు వస్తే పాసు. మొదటి విడతలో ఇద్దరమే పాసయ్యాం. ఒకణ్ణి నేను, పేపరు తయారుచేసింది నేనే కనక. రెండో ఆయన నా పక్కన కూర్చున్నాడు. వెంకటరత్నం గారు ఆరు దగ్గర ఆగిపోయారు. అధ్యక్షుడికే బోర్డు మీద రాసే హక్కు పోయిందంటే నేనెంత నిష్పక్షపాతినో మీరే చూడండి! సుద్దముక్కలు డబ్బాలో పెట్టి తాళం వేశాను. ఆ నెలంతా బోర్డు కడిగిన పళ్ళెంలా మెరిసిపోయింది. ఎవరూ ఏమీ రాయకపోతే మెరవదా మరి?

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. పెద్దాఫీసరు గారు ఆదివారం వస్తున్నారు, నా కాగితం ఆయన సంచీలోనే ఉంది, సైన్సు క్లబ్బు పని చూసి సంతకం పెడతారు. అంటే నా బతుకు ఆ ఆదివారం మీద ఆధారపడి ఉంది.

మామూలు ప్రదర్శన పెడితే నేనెందుకు? సౌరకుటుంబాన్ని కొలతల ప్రకారం నేల మీద పరుద్దామనుకున్నాను. గ్రహాల మధ్య దూరాలకి ఊళ్ళో ఏ హాలూ చాలదు. చాలేది ఒక్కటే, గోదావరిలో ఇసుక తిప్ప. గట్టు దిగితే చిన్న పాయ, చీలమండ లోతు నీళ్ళు. అది దాటితే తిప్ప. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ తిప్ప మునిగిపోతుందని నాకు తెలియదనుకుంటున్నారా? తెలుసు. అందుకే పుస్తకం తీశాను. చంద్రుడు నెత్తి మీద ఉన్నప్పుడు పోటు, సరిగ్గా కాళ్ళ కింద ఉన్నప్పుడు మళ్ళీ పోటు. ఆదివారం పౌర్ణమి, అర్ధరాత్రికి చంద్రుడు నెత్తి మీద, మిట్టమధ్యాహ్నానికి కాళ్ళ కింద. కాబట్టి పగటి పోటు మధ్యాహ్నం పన్నెండింటికి. ఎనిమిదిన్నరకి మొదలుపెడితే పదింటికి వందన సమర్పణ అయిపోతుంది, నీళ్ళు తీరిగ్గా రావచ్చు. ఈ లెక్కంతా బోర్డు మీద రాసి సంతకం చేశాను.

శుక్రవారం సాయంత్రం పోలమ్మ వచ్చింది. జాలర్లుండే ఫరంపేటలో ఉంటుంది. నావ తనే నడుపుతుంది, వల తనే వేస్తుంది, చేపలు తనే అమ్ముతుంది. వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్నాక దారిలో కనిపించిన ప్రతిదీ నిలబడి చదివేది. నా లెక్క కూడా కూడబలుక్కుని చదివింది.

"బాబూ, ఓ సుద్దముక్క ఇలాగివ్వండి. చిన్న ముక్క రాసేసి పోతాను."

"పరీక్ష పాసైతేనే రాయాలి పోలమ్మా."

"ఆయ్, పెట్టండైతే," అని బుట్ట దించి, మెట్టు మీద కూర్చుంది.

"కాంతి వేగం ఎంత?"

"శానా ఉంటాదండి."

"ఎంత?"

"మనం అందుకోలేనంత."

"తప్పు. నీటి రసాయన సూత్రం చెప్పు."

"ఏ నీరండి? ఉప్పునీరా, మంచినీరా?"

"ఏ నీరైనా ఒకటే!"

"అయ్ బాబోయ్, ఒకటేటండి! అలాగైతే మా రొయ్యలు చచ్చిపోవాండీ?"

"అదీ తప్పే. చంద్రుడు మనకి ఎంత దూరం?"

"దూరం తెల్దు గానీ బాబూ, పున్నమి నాడు ఇక్కడ పోటు..."

"అడిగినదానికే జవాబు!"

పదికి సున్నా వచ్చింది. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాను.

"మూడు నెల్లా? మీ మీటింగు ఎల్లుండే కదండీ! పోనీ రాయనులెండి, నోటితో చెబుతాను..."

"నోటిమాటలు స్వీకరించబడవు," అన్నాను. అక్షరాలా అలాగే అన్నాను. ఆ నాలుకని ఏం చేసినా పాపం లేదు.

ఆదివారం ఆఫీసరు గారు, వెంకటరత్నం గారు, నేను పాయ దాటాం. మిగతా ఊరంతా గట్టు మీదే నిలబడింది. గట్టు వైపు చివర సూర్యుడు, అంటే పసుపు రంగు పూసిన పెద్ద బాన. అక్కడి నుంచి వరసగా కాయలు, పళ్ళు, గోళీలు. నది వైపు చివర ప్లూటో, అంటే మిరియపు గింజ. ఆఫీసరు గారికి గురుగ్రహం పక్కన కుర్చీ వేశాం. ఆయనకి తెలుగు శుభ్రంగా వచ్చు. సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎంతో శ్రద్ధగా విన్నారు. ఆ సంచీ చూస్తుంటే నా గొంతు ఇంకా లేచింది.

తొమ్మిదింటికి వెంకటరత్నం గారు నా చెవిలో గొణిగారు. "ప్లూటో కనబడ్డం లేదోయ్."

"చిన్న గ్రహం కదండీ. మామూలు కళ్ళకి కనబడదు."

కాసేపటికి నెప్ట్యూన్ కూడా కనబడలేదు. ఆఫీసరు గారు కాళ్ళు పైకి లాక్కున్నారు. "ఏమయ్యా, నీళ్ళొస్తున్నాయా?"

"లెక్క ప్రకారం ఇవి నీళ్ళు కావు సార్," అన్నాను.

"మరేమిటి?"

"చెమ్మ సార్. ఇసుకలో సహజంగా ఉండే చెమ్మ."

గట్టు మీద నుంచి పోలమ్మ కేక వేసింది. "బాబోయ్! ఎనక్కి సూడండి, పాయ నిండిపోతంది!"

"ప్రశ్నలు చివర్లో!" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను.

అరిచాక వెనక్కి తిరిగాను. చీలమండ లోతు పాయ స్థానంలో ఒక పెద్ద ఏరు ఉంది. సూర్యుడు నేల విడిచి, రెండుసార్లు గుండ్రంగా తిరిగి, మా కళ్ళ ముందే అగ్రహారం వైపు కొట్టుకుపోయాడు. ఆఫీసరు గారు కుర్చీ ఎక్కి సంచీ నెత్తి మీద పెట్టుకున్నారు. నీళ్ళు మోకాలు దాటి పైకి వస్తుంటే, ఇంకా వాచీ చూసుకుంటున్నాను! పదింటికే ఇంత నీరు ఎలా వచ్చిందన్నది నాకు బొత్తిగా అర్థం కాలేదు.

పోలమ్మ నావ వేసుకుని వచ్చింది. ముందు ఆఫీసరు గారిని, తర్వాత వెంకటరత్నం గారిని, చివర నన్ను చెయ్యి పట్టి లాగింది. నావ కదిలాక ఆఫీసరు గారే మొదలుపెట్టారు.

"అమ్మా, నీళ్ళు ఇప్పుడొస్తాయని నీకు ముందే తెలుసా?"

"ఎందుకు తెల్దండి? సెందురుడు నెత్తి మీదకో కాళ్ళ కిందకో వచ్చేదాకా ఇక్కడ పోటు కాసుక్కూకోదండి. పున్నమికి పదింటికల్లా నిండిపోద్ది. మా ఊళ్ళో అందరికీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"బోర్డు మీద రాద్దారని ఎళ్ళానండి. పెయిలైపోయాను."

"ఫెయిలా? దేంట్లో?"

"కాంతి ఏగంలోనండి. ఆయ్."

ఆఫీసరు గారు పకపకా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నా వైపు చూశారు. ఆ చూపుకి నేను నావలోంచి దూకేద్దునేమో గానీ, ఈత రాదు.

ఆయన సంచీలోంచి నా కాగితం తీశారు. ఒక మూల మాత్రం తడిసింది. "అమ్మా, ఇతని ఉద్యోగం ఖాయం చేసే కాగితమిది. నువ్వొక మూడు ప్రశ్నలడుగు. పాసంటే సంతకం పెడతాను."

పోలమ్మ తెడ్డు ఆపింది.

"అష్టమి నాడు ఇక్కడ పోటు ఎన్నింటికండి బాబూ?"

"తెలీదు."

"పోటు మీద వల ఎటేపు ముఖంగా వేస్తారండి?"

"తెలీదు పోలమ్మా."

"పోనీ, నిన్న నేను ఏం సెప్పబోయానో ఇప్పుడైనా తెలిసిందాండి?"

అది నిన్న కాదు, మొన్న. దిద్దడానికి నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి మూసుకున్నాను. "తెలిసింది. నువ్వు చెబుతానన్నా నేనే చెప్పనివ్వలేదు," అన్నాను.

"పాసా, ఫెయిలా?" అన్నారు ఆఫీసరు గారు.

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పాసేనండి. తెల్దని రెండుసార్లు, తప్పు తనదని ఓసారి ఒప్పుకున్నాడు కదండీ. సదువుకున్నోళ్ళకి అది శానా కష్టం."

ఆయన అక్కడే, ఆమె చేపల బుట్ట మీద కాగితం పెట్టి సంతకం చేశారు. నేను ముప్పై రెండేళ్ళు తిన్న జీతం ఆ మార్కులది.

కాబట్టి ప్రజలారా, గోదావరి మాత సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. జ్ఞానం ఉందో లేదో పరీక్షించి గానీ ఎవరినీ నోరు విప్పనివ్వకూడదన్న మాట ఈ జన్మలో మళ్ళీ అనను. ఎప్పుడైనా పొరపాటున అన్నానంటే, ఆ పరీక్ష మొదట నాకే పెట్టండి. పేపరు మాత్రం పోలమ్మ చేత తయారు చేయించకండి, ఈసారి జాలిపడుతుందన్న నమ్మకం లేదు.