ముందు గదిలో కాసిన నిమ్మకాయ

మా ముందు గదిలో టీవీకి దక్కాల్సిన చోటు మూడేళ్లపాటు ఒక నిమ్మచెట్టుకు దక్కింది. ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మకపోతే పోనీయండి. మణుగూరులో మేమున్న కాలనీలో, మొదటి అంతస్తు క్వార్టర్‌లో, సిమెంటు గచ్చు మీద, కిటికీ పక్కన నిలబడి నా భుజం దాకా పెరిగిన చెట్టు అది. దానికి నీళ్లు పోసింది నేనే, ముళ్లు గుచ్చుకుంటే దాన్ని తిట్టిందీ నేనే.

నేను ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ ఆపరేటర్‌ను. నేల మీద నిలబడితే నా తలకన్నా ఎత్తుండే టైర్లు ఆరు, పైన నిచ్చెనెక్కి కూర్చునే క్యాబిన్. బొగ్గు మీద కప్పి ఉన్న మట్టిని తవ్వి నా బండిలో నింపుతారు, నేను తీసుకెళ్లి గుట్టల్లా పోసి వస్తాను. ఇదీ నా పని. కానీ పుట్టింది చండ్రుగొండ దగ్గర వ్యవసాయం చేసే ఇంట్లో. మా చేను గట్టు మీద రెండు నిమ్మచెట్లు ఉండేవి. మజ్జిగలో రెండు నిమ్మాకులు నలిపి వేసుకుంటే తప్ప నాకు ఎండాకాలం గడిచేది కాదు. క్వార్టర్‌లోకి వచ్చాక గుర్తొచ్చినప్పుడల్లా నోరూరేది. చివరికి ఒకరోజు కొత్తగూడెం వెళ్లి నర్సరీలో ఒక అంటు మొక్క కొనుక్కొచ్చి బాల్కనీలో పెట్టాను.

అది మూడు రోజులు బతికింది. మా కాలనీ చుట్టూ అడవే కదా, కోతులకు కూడా మా గనిలో ఉద్యోగాలు ఇచ్చినట్టు పొద్దున ఎనిమిదింటికల్లా మస్టర్‌లో హాజరు వేయించుకోవడానికి దిగేవి. వాటిలో ఒకటి నా మొక్కను తినలేదు, తింటే అంత బాధపడేవాణ్ని కాదు. పీకింది, వేర్లు తిప్పి చూసింది, నచ్చలేదు కాబోలు, కిందికి విసిరేసింది. నేను వేసిన కేకలకు కింది క్వార్టర్ వాళ్లు ఏమైందోనని బయటికొచ్చారు.

నాకు పట్టుదల వచ్చింది. మళ్లీ కొత్తగూడెం వెళ్లి ఇంకో మొక్క తెచ్చి, ఈసారి తిన్నగా ముందు గదిలోకి తీసుకొచ్చాను. తూర్పు కిటికీకి దోమల జాలీ ఉంది. పొద్దున్నే ఎండ లోపలికి పడుతుంది. టీవీని మూలకు జరిపాను.

మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఏందయ్యా, ఇది ఇల్లా, అడివా? ముళ్ల చెట్టును ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?"

"కోతులు బయట ఉంటయ్, చెట్టు లోపల ఉంటది. అంతే," అన్నాను.

"మరి నేనేడ ఉండాలె?"

ఆమె సీరియల్‌ను మెడ వంచి చూడాల్సి వచ్చేది. ఆ కోపం చాలా రోజులు ఉంది.

ఇక మట్టి సంగతి. నవ్వకండి. రోజూ వందల టన్నుల మట్టి మోసే మనిషిని, నాకు మట్టికేం కొదవ అనుకున్నాను. గనిలో మేం తీసి పారబోసే మట్టినే ఒక సంచెడు స్కూటర్ మీద తెచ్చి, కడిగిన గ్రీజు డబ్బాలో నింపి మొక్క నాటాను. చాలా గర్వపడ్డాను కూడా. నెల తిరిగేసరికి ఆ మట్టి పలకలా గట్టిపడింది, పోసిన నీళ్లు పైనే నిలబడ్డాయి, ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నేనేమో ఎండ చాలడం లేదని డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

వారానికోసారి అడవి ఊరి నుంచి అడ్డాకులు, తేనె అమ్మడానికి ఒక అవ్వ వచ్చేది. ఆమె గడప లోపల కూర్చుని, చెట్టును చూసి, డబ్బాలో వేలు పెట్టి పొడిచింది. వేలు దిగలేదు. అవ్వ పకపకా నవ్వింది.

"బిడ్డా, ఇది మన్ను కాదు, రాయి. భూమి అడుగుల పండుకున్న మన్నుకు చెట్టు సంగతి ఏం తెలుస్తది? ఎన్నడన్న చెట్టును చూసిందా అది?"

మా ఆవిడ నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. పై వారం అవ్వ తలమీద గంపతో వచ్చింది. ఇప్పచెట్టు కింద ఆకులు కుళ్లి తయారైన నల్లమట్టి, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలుతోంది. ముగ్గురం కూర్చుని చెట్టును కొత్త మట్టిలోకి మార్చాం. పదిహేను రోజుల్లో చిగురు! లేత ఆకుపచ్చ, పట్టుకుంటే మెత్తగా. నేను డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ చిగుళ్లు లెక్కపెట్టేవాణ్ని.

ఆ ఏడాది వానల్లోనే ఒక చిన్న సంఘటన జరిగింది. చిన్నదనే అనుకున్నాను అప్పుడు. రోడ్డంతా బురద. లోడుతో వస్తుంటే బండి వెనక్కి జారి, పక్కన పోసిన మట్టికట్టకు టైరు తగిలి ఆగింది. కట్టకు అవతల తవ్వేసిన గొయ్యి ఉంది. ఇంటికొచ్చి అన్నం తింటూ పళ్లెం అంచును రోడ్డు చేసి, పప్పుగిన్నెను డంపర్ చేసి, ఎలా జారిందో, ఎక్కడ ఆగిందో చూపించి నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. "అన్నం తిను," అంది అంతే.

చలికాలం పోయే రోజుల్లో చెట్టుకు మొగ్గలు వచ్చాయి. కొమ్మ చివర ఊదారంగు అంటిన బియ్యపు గింజలంత మొగ్గలు! ఆ పూట రెండో షిఫ్ట్ బస్సులో నేను ఊరుకోలేకపోయాను. దసరాకు మా దగ్గర ఆయుధపూజ చేస్తాం. ప్రతి బండికీ బొట్టుపెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కిస్తూ బండిని ముందుకు కదిలిస్తాం. ఏడాదంతా బండికీ మనిషికీ ఏమీ కాకూడదని.

"ఈసారి పూజకు నా బండి కింద పెట్టేది మా ఇంట్ల కాసిన నిమ్మకాయే!" అని బస్సంతా వినేలా అనేశాను.

"ఇంట్ల చెట్టు కాసుడేంది, మంచం కాళ్లకు కాస్తయా?" అని ఒకడు. ఇంకేముంది, అందరూ అందుకున్నారు. మాట జారాను, ఇక కాయ కాయాల్సిందే.

ఇంటికొచ్చి అదే మాట మా ఆవిడకు చెప్పాను. ఆమె చెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. "డంపర్ కిందికా?" అని అడిగింది.

"అవ్, డంపర్ కిందికే. అందరి ముందట చెప్పిన."

మర్నాటి నుంచి ఆమె తడిబట్టతో ఒక్కో ఆకూ తుడవడం మొదలుపెట్టింది. మా దగ్గర ఏది తుడిచినా బొగ్గుదుమ్ము వస్తుంది, కిటికీ మూసినా వస్తుంది. పైకి మాత్రం తిట్లు తగ్గలేదు. నా పరువు కోసం ఇంత కష్టపడుతోందని నేను లోపల్లోపల మురిసిపోయాను.

పూలు విచ్చాయి. ఆ వాసన! మెట్లెక్కి వచ్చేవాళ్లు ఏ క్వార్టర్‌లోంచి వస్తోందని ఆగేవాళ్లు. వారం తిరిగేలోపు పూలన్నీ గచ్చు మీద పడ్డాయి. ఒక్క పిందె నిలవలేదు. క్యాంటీన్‌లో రోజూ ఇదే ప్రశ్న: "ఏంది, కాయ పడ్డదా?" నేను టీ గ్లాసు పట్టుకుని చివరి బల్లకు వెళ్లేవాణ్ని.

మృగశిర కార్తెకు రెండో విడత మొగ్గలు వచ్చినప్పుడు మా ఆవిడ అవ్వను చెయ్యిపట్టి చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. అవ్వ చెట్టును చూడలేదు, కిటికీకి ఉన్న జాలీని చూసింది.

"ఈగ రాదు, తుమ్మెద రాదు. కాయ ఎట్ల నిలుస్తది బిడ్డా?"

"జాలీ తీస్తే కోతులొస్తయ్ అవ్వా!"

అవ్వ మెట్లు దిగి వెళ్లి, కాలనీ కోళ్లు తిరిగే చోట ఒక మెత్తటి ఈక ఏరుకొచ్చింది. దానితో ఒక పువ్వు మధ్యలో తాకించి, మరో పువ్వు మీద తిప్పింది. "పొద్దుగాల పొద్దుగాల గిట్ల చెయ్యి. తుమ్మెద పని నువ్వే చెయ్యాలె," అంది.

ఆ పది రోజులూ మా ఇంట్లో పొద్దున పొయ్యి ఆలస్యంగా వెలిగింది. ఆమె కొంగు దోపుకుని, ఊపిరి బిగబట్టి, పువ్వు తర్వాత పువ్వు ఈకతో తాకేది. నేను మాట్లాడితే కసిరేది. తుమ్మెద కన్నా జాగ్రత్తగా చేసిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఇద్దరి మధ్య మిస్డ్ కాల్ ఒకటి వస్తే కూరగాయలు తేవాలని, రెండు వస్తే చుట్టాలు వచ్చారని. ఒకరోజు క్యాంటీన్‌లో ఉండగా ఐదు వచ్చాయి. ఐదుకు మా మధ్య అర్థమే లేదు. టీ అక్కడే వదిలేసి ఫోన్ చేశాను.

"కాయ పడ్డది!" అని అరిచింది అవతలి నుంచి. "మూడు! పెసరగింజలంత ఉన్నయ్! జల్దీ రా!"

షిఫ్ట్ మధ్యలో జల్దీ ఎలా వస్తాను? కానీ క్యాంటీన్‌లో బల్ల మీద కొట్టి అందరికీ చెప్పాను. అందరికీ నా డబ్బులతో టీ చెప్పాను.

మూడింటిలో ఒకటి దానంతటదే రాలిపోయింది. రెండోది మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు గలగలమన్నప్పుడు రాలింది. ఆ మందుగుండు నేనే పేల్చినట్టు మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మిగిలిన ఒక్క కాయ ఉన్న కొమ్మను పాత చీర అంచుతో కిటికీ చువ్వకు కట్టింది. అంతటితో ఆగలేదు. రోజూ బ్లాస్టింగ్ వేళకు వెళ్లి, ఆ కొమ్మను చేత్తో పట్టుకుని, మోత అయిపోయేదాకా నిలబడేది. ఒకసారి సెలవు రోజున చూసి నవ్వాను. ఆమె చెయ్యి తియ్యలేదు.

దసరా నాటికి కాయ నిమ్మపండు రంగుకు తిరిగింది. పూజ రోజు పొద్దున ఆమే కత్తెరతో కాడ కోసి, పసుపు రాసి, టిఫిన్ డబ్బాలో గుడ్డ పరిచి పెట్టి ఇచ్చింది. నేను పెళ్లికొడుకులా వెళ్లాను. బండ్లన్నీ కడిగి వరుసగా నిలబెట్టారు. డబ్బా మూత తియ్యగానే అందరూ మూగారు. ఒకరి తర్వాత ఒకరు వాసన చూశారు. అప్పటిదాకా ఆటపట్టించిన వాడే, "గోడల నడుమ కాసిందంటే నమ్మబుద్ధి అయితలేదన్నా," అన్నాడు. అబ్బ, ఆ మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో!

కానీ టైరు దగ్గర వంగాక నా చెయ్యి ఆడలేదు. అంత పెద్ద టైరు, ఇంత కాయ. దాని మీద బండి పోతే నేల మీద తడి మచ్చ తప్ప ఏమీ మిగలదు. ఏడాదిన్నర కష్టం! ఎందుకైనా మంచిదని దుకాణంలో కొన్న కాయలు ఆరు జేబులో ఉన్నాయి. అవే పెట్టాను. మావాళ్లు గోల చేశారు, నేనూ నవ్వాను. నా కాయను మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాను.

నాలుగింటికి ఇంటికి రాగానే డబ్బా తెరిచి చూపించాను. "ఇగో, చూడు! దుకాణం కాయలు పెట్టి దీన్ని కాపాడుకొచ్చిన. రేపు పులిహోర చెయ్యి!"

ఆమె డబ్బాలోకి చూసింది. "టైరు కింద పెట్టలేదా?"

"పెట్టబుద్ధి కాలేదే."

"తినడానికా నేను పెంచింది?" డబ్బా మూత పెట్టేసింది. "నిరుడు వానల్ల బండి జారిందని పప్పుగిన్నె పెట్టి చూపిస్తివి. నువ్వు నవ్వినవ్. నేను నవ్విన్నా? ఆ దినం సంది నువ్వు బండి ఎక్కినవంటే ఇంటికి వచ్చేదాక నాకు ఊపిరాడదు. ఆడ రోడ్డు నేను చూస్తనా, బ్రేకులు నేను చూస్తనా? నా చేతిల ఉన్నది గీ కాయ ఒక్కటే."

నా మాట నిలబెట్టడానికి చేస్తోందనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ని! సిగ్గేసింది, ఆ వెంటనే చెప్పలేనంత సంతోషం కూడా కలిగింది. ఈక, తడిబట్ట, చీర అంచు, కొమ్మను పట్టుకున్న చెయ్యి, అన్నీ నా కోసమే.

మర్నాడు మొదటి షిఫ్ట్. పూజ పూలు బండి మీద వాడిపోయి ఉన్నాయి. ముందు టైరు కింద నా కాయను పెడుతుంటే పక్క బండి ఆపరేటర్ కేకేశాడు: "నిన్న పెట్టనోడివి ఇయ్యాల పెడుతున్నవేంది?"

"ఇంట్ల చెప్పిన్రు," అన్నాను.

నిచ్చెనెక్కి కూర్చుని, రెండు హారన్లు కొట్టి, బండిని కదిలించాను. చెవులు రిక్కించి విన్నాను. ఏ చప్పుడూ రాలేదు, ఏ కుదుపూ తెలియలేదు. ఆ రోజంతా మలుపుల్లో మామూలు కన్నా నెమ్మదిగా నడిపాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక, "పెట్టినవా?" అని అడిగింది. నేను పప్పుగిన్నెను మళ్లీ డంపర్ చేసి, పళ్లెం అంచు మీద నిలబెట్టి, కింద ఒక మెతుకు పెట్టి, రెండు హారన్లు నోటితో కొట్టి, అంత పెద్ద బండికి ఆ కాయ తొక్కిన సంగతే తెలియలేదని చూపించాను. ఈసారి మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాపి, గిన్నెను పళ్లెం అంచు నుంచి మధ్యకు జరిపింది.