అల్లుడి పక్క సీటు

మా కారుకు పదహారేళ్ళు నిండాయి. చిన్న కారు, డిక్కీ తలుపు వెనక నుంచి పైకి లేచే రకం. దాన్ని షెడ్డుకు తోలడమంటే నాకు నామోషీ. ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, పాత లుంగీ కట్టుకుని, అపార్టుమెంటు కింద గోనెపట్టా పరుచుకుని దాని పక్కన చతికిలబడితే తప్ప నాకు సెలవు వచ్చినట్టుండదు. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో నన్ను చూడగానే "ఈసారి ఏం ఊడిందండీ?" అని పలకరిస్తారు. నేను పనిచేసే బ్యాంకులో ఇంత ఆప్యాయంగా నన్నెవరూ పలకరించరు.

నేను బాగుచేసిన కారు నాకు తప్ప ఇంకెవరికీ లొంగదు. మూడో గేరు పడాలంటే కర్రను ముందు కాస్త మన వైపు లాగి, బతిమాలి, అప్పుడు తొయ్యాలి. స్టీరింగు కుడికి తిప్పితేనే హారన్ మోగుతుంది. డ్రైవరు తలుపు లోపలి నుంచి రాదు, అద్దం దించి చెయ్యి బయటపెట్టి తీసుకోవాలి. ఇవి లోపాలని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఆవిడకు లైసెన్సుంది. ఒకసారి సరదాపడి తోలింది. బెంజి సర్కిల్ దగ్గర మూడో గేరు పడక, వెనక బస్సువాడి చేత నానా మాటలూ పడి, ఇంటికొచ్చి తాళం నా ముందు విసిరికొట్టింది. "ఇది కారు కాదు, మీ రెండో పెళ్ళాం. మీరే ఏలుకోండి" అంది.

మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడ చెల్లెలు గన్నవరంలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని గవ్వలతో అష్టాచెమ్మా ఆడాలి. తొండి చేశావంటే నువ్వు చేశావని పోట్లాడుకోవాలి. వారమంతా ఆవిడ ఆ పోట్లాట కోసమే బతికేవారు. మోకాళ్ళు పట్టేశాక బస్సు మెట్లెక్కడం మానేశారు, ఆటో కుదుపులు పడలేదు. మిగిలింది మా కారు. దాని వెనక సీట్లో కూర్చోవడమంటే గుంటలో దిగడమే. ఒక ఆదివారం గన్నవరంలో మా ఆవిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని లాగితే గానీ ఆవిడ బయటికి రాలేకపోయారు. ఎదురింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు. ఇంటికొచ్చి "ఇంక నేనెక్కడికీ రానమ్మా" అన్నారు. ఆ తరవాత నుంచి ఆదివారాలు ఫోన్లో గడిచేవి. ఫోన్లో గవ్వలు వెయ్యలేరు కదా. కాసేపు మాట్లాడి, పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకునేవారు. చూడలేకపోయాను.

ఇదంతా సీటు ఎత్తు వల్ల వచ్చిన బాధేనని తేల్చాను. వెనక తలుపు ఇరుకు, అక్కడ ఏం చేసినా లాభంలేదు. ముందు సీటు విప్పి, ఆటోనగర్‌లో దగ్గరుండి ఇనప దిమ్మలు వెల్డింగు చేయించి, వాటిమీద బోల్టులతో బిగించాను. దానిపైన తిరిగే పీట పెట్టాను. రెండు గుండ్రటి చెక్కలు, మధ్యలో బేరింగు. ఆవిడ తలుపువైపు తిరిగి కూర్చుంటే చాలు, పీటే కాళ్ళతో సహా లోపలికి తిప్పేస్తుంది. పైన పట్టుకోవడానికి బస్సులో ఉండేలాంటి పిడి. అన్నీ అయ్యాక ఆవిడను కిందికి తీసుకొచ్చి చూపించాను.

అత్తగారు పైట భుజం చుట్టూ కప్పుకుని, రెండడుగుల దూరంలో నిలబడి చూశారు. "చాలా బాగుందని చెప్పమ్మా బాబుగారికి" అన్నారు కూతురితో. నేను అక్కడే ఉన్నాను.

ఆవిడ పద్ధతి అంతే. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ నాతో నేరుగా మాట్లాడిన మాటలు తక్కువ. నేనొస్తే కుర్చీలోంచి లేస్తారు. నేను ఏం చేసినా బాగుందంటారు. ఒకసారి మా ఆవిడ ఊళ్ళో లేనప్పుడు నేను కాచిన రసంలో ఉప్పు రెండుసార్లు పడితే, అదీ బాగుందనే తాగారు. అల్లుడికి వంక పెట్టడం ఆవిడ వంశంలోనే లేదు. ఇన్నేళ్ళు చూసి కూడా నేను ఆ "బాగుంది"ని నమ్మాను. నా తెలివి అలా ఏడిసింది.

ఆ ఆదివారం బయలుదేరదామంటే ఎండ ఎక్కువగా ఉందన్నారు. సరే, సీటుకు లేతరంగు గుడ్డ తొడిగాను. బాగుందన్నారు. మరుసటి ఆదివారం మబ్బు పట్టిందన్నారు. పీటమీద మెత్తటి దిండు కుట్టించాను. అదీ బాగుందన్నారు. ఆపై ఆదివారం ఒంట్లో నలతగా ఉందట. నేను మాత్రం పట్టువదలకుండా పిడి ఒక అంగుళం కిందికి దించాను.

అసలు సంగతి ఫోన్లో బయటపడింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ వినికిడి తక్కువ, అందుకని అత్తగారు స్పీకరు పెట్టి గట్టిగా మాట్లాడతారు. నేను వరండాలో స్పానర్లు తుడుచుకుంటున్నాను.

"కారు బాగు చేయించాడన్నావుగా, రావేమే?" అంటోంది చెల్లెలు.

"ముందు సీటు చేశారే! అల్లుడి పక్కన కూర్చుని ఊరేగమంటావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? పాపం అంత కష్టపడ్డారు, బాగోలేదని ఎట్టా చెప్పనే?"

చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఇన్ని వారాలు నేను మోకాళ్ళ గురించి ఆలోచించాను గానీ, పక్క సీట్లో ఎవరుంటారన్నది ఆలోచించలేదు. లోపలికెళ్ళి మా ఆవిడతో, "నువ్వు తోలాలి" అన్నాను.

"ఆ డొక్కును నేను ముట్టుకోను" అంది. "మనిషి తోలే కారు చేసివ్వండి, అప్పుడు చూద్దాం."

దాంతో మళ్ళీ గోనెపట్టా పరిచాను. గేరు లింకేజీకి కొత్త బుష్‌లు వేశాను. హారన్ తీగ మార్చాను. తలుపు లోపలి పిడికి కొత్త కడ్డీ పెట్టాను. నిజం చెప్పాలంటే, మూడో గేరు వేలితో తోస్తే పడిపోయినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంక ఎవరైనా తోలుకోవచ్చు.

ఆదివారం మా ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. నేను వెనక్కెళ్ళి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాను. "అయ్యో, బాబుగారు వెనకనా!" అన్నారు అత్తగారు.

"యజమానులు వెనకే కూర్చుంటారమ్మా. ఎక్కు" అంది మా ఆవిడ.

ఆవిడ పిడి పట్టుకుని కూర్చున్నారు. పీట తిరిగింది. కాళ్ళు లోపలికి వచ్చేశాయి. ఎవరూ లాగలేదు. నేను అద్దంలో ఆవిడ ముఖం చూశాను, చిన్నపిల్లలా ఉంది.

రామవరప్పాడు దాటాం. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా ముందు నుంచి టప్పుమని చప్పుడు. నేను బేరింగు అనుకున్నాను. నిడమానూరు దగ్గర ఇంకోటి వచ్చింది. అత్తగారు తల తడుముకుని, కూతురివైపు చూడకుండా నేరుగా వెనక్కి తిరిగారు.

"బాబూ, ఈ సీటు మరీ ఎత్తు చేశారండీ. ముడి టాపుకు కొట్టుకుని నలిగిపోతోంది. ఇది బాగాలేదు. కాస్త దించాలి."

మా ఆవిడ బ్రేకు తొక్కేసింది. ఇన్నేళ్ళుగా ఆవిడ దగ్గర వెండి కంచం, మొదటి వడ్డన, లేచి ఇచ్చిన కుర్చీ అన్నీ అందాయి గానీ, ఇలా ఒక్క చీవాటు దొరకలేదు. అబద్ధమెందుకు, కళ్ళు చెమర్చాయి.

గన్నవరంలో అక్కాచెల్లెళ్ళు అరుగుమీద సుద్దముక్కతో గళ్ళు గీసుకునే సరికే నేను ముందు సీటు కిందికి దూరి బోల్టులు విప్పుతున్నాను.

"ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి అత్తయ్యగారూ, ఒకేసారి చేసేస్తాను" అన్నాను.

గవ్వల చప్పుడు ఆగింది. ఆవిడ గొంతు సవరించుకుని, ముందు పిడితో మొదలుపెట్టి, దిండు మీదుగా, ఆనాటి రసం దాకా వచ్చారు.