పసుపు సంచుల్లో జొన్నరొట్టెలు

ఆర్మూరులో పుట్టి పెరిగినవాళ్లకు పసుపు వాసన తెలియదు. పొరుగూరి చుట్టం బస్సు దిగి ముక్కు ఎగబీల్చి, 'ఎక్కడో పసుపు దంచుతున్నట్టున్నారే' అంటే మేము ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. మా గోడలకు, తలుపు గొళ్లేలకు, సైకిల్ సీట్లకు, బడికి పోయే పిల్లల పుస్తకాల అంచులకు కూడా ఆ రంగు అంటి ఉంటుంది. అది మా కళ్లకు ఆనదు. నీలవ్వ గురించి రాయాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి. ఆమె చేసిన ఒక్క పొరపాటు ఇందులోంచే వచ్చింది.

నీలవ్వది మా వాడకట్టే. మార్కెట్ యార్డులో పసుపు ఏరే ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. రైతులు దింపిన కుప్పలోంచి పొడుగు కొమ్ములను ఒక దిక్కు, గుండ్రటి మండలను ఒక దిక్కు వేరు చేసి, మట్టి జల్లించి, చాటతో చెరిగి రాశి పోయడం వాళ్ల పని. మనిషి ఎత్తు, గొంతు అంతకంటే ఎత్తు. యార్డు ఈ చివర ఆమె 'అన్నానికి లేవుండ్రి' అంటే ఆ చివర హమాలీలు కూడా బస్తాలు దించేసేవారు.

ఆమె భర్త హన్మాండ్లు కూడా ఆ యార్డులోనే బస్తాలు మోసేవాడు. ఎనభై నాలుగులో జ్వరం తగిలి పోయాడు. కూతురు అప్పటికి ఇంకా పాలు మరువలేదు. దినాలు ముగిశాక నీలవ్వ చాట పట్టుకొని పనిలోకి వచ్చింది. అది కొత్త పసుపు దిగే మాఘమాసం. మా దగ్గర కొత్త పంటలో మొదటి కుప్పకు కొబ్బరికాయ కొట్టి, ముత్తైదువల చేతనే చెరిగిస్తారు. కమీషన్ వ్యాపారం చేసే రాజేశ్వర్ సేటు ఆమెను చూసి మొహమాటపడుతూనే అన్నాడు.

"నీలవ్వా, నువ్ జర అవతలకి కూసో. గీ కుప్ప అయినంక రా. పెండ్లిండ్లకు పోయే పసుపు గిది."

"పెండ్లిండ్లకేనా సేటు? కూరలల్లకు పోదా? పసుపు తినేటోళ్లంత ముత్తైదువలేనా?"

సేటు ఏదో అనబోయాడు. కుప్ప దగ్గర ముఠాతో కూర్చున్న సకీనా చాట కింద పెట్టి లేచి నిలబడింది. "సేటు, నా నొసట్న సుత బొట్టు లేదు. నేను సుత పోవాల్నా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. సేటు కూడా ఆపుకోలేకపోయాడు. ఆ రోజు మొదటి కుప్పను నీలవ్వ, సకీనా ఎదురెదురుగా కూర్చొని చెరిగారు. ఆ ఏడు ధర పడిపోలేదు, ఎవరి పెళ్లీ ఆగలేదు. ముఠా పెద్దరికం ఎవరూ ఇవ్వకుండానే నీలవ్వకు వచ్చింది.

తొంభై మూడులో, వినాయకుణ్ని నీళ్లలో వదిలి వచ్చి ఊరు పడుకున్న తెల్లవారుజామున, మా అటక మీది గిన్నెలు గలగలలాడాయి. ఏదో పెద్ద లారీ పోయిందనుకొని అటు తిరిగి పడుకున్నాం. పొద్దెక్కాక రేడియోలో చెప్పారు. లాతూరు దిక్కు, కిల్లారి చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయని. మట్టితో కట్టిన రాతి గోడలు నిద్రపోయేవాళ్ల మీదే కూలాయట. లాతూరు మాకు పరాయి రాష్ట్రంలో ఉందన్న మాటే గాని మరీ దూరం కాదు. అటువైపు మనుషులు ఏటేటా పసుపు తవ్వడానికి మా పొలాలకు వచ్చి పోయేవాళ్లే.

మర్నాడు యార్డులో అందరూ గుమిగూడారు. రాజేశ్వర్ సేటు లారీ పంపడానికి ఒప్పుకున్నాడు. బియ్యం బస్తాలు ఎవరెవరు ఇస్తారో మాట్లాడుకుంటుంటే నీలవ్వ వెనక నుంచి అడిగింది.

"బియ్యం ఏం జేస్కుంటరు సేటు?"

"ఏం జేస్కుంటరు? వండుకుంటరు."

"యాడ వండుకుంటరు? పొయ్యి రాళ్ల కిందుండె. గిన్నె రాళ్ల కిందుండె. సావైన ఇంటికి ఎవరన్న బియ్యం పంపుతరా? వండింది పట్కపోతరు గని."

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగు నుంచి వండిన అన్నం వస్తుంది, తెచ్చిన ఆడది పక్కన కూర్చొని మొదటి ముద్ద నోట్లో పెట్టి తినిపిస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. ఒక ఊరు మొత్తం చావైన ఇల్లయినప్పుడు కూడా ఆ పద్ధతే నడవాలని ఎవరికీ తోచలేదు, అంతే.

"మంచిగనే జెప్పినవ్. అన్నం గంత దూరం పోతే పాసిపోదా?" అన్నాడు సేటు.

"జొన్నరొట్టె పాసిపోదు. ఎండగ కాలిస్తె వారమైనా కరకర నములుతరు. ఆళ్లు తినేది సుత జొన్నలే. బియ్యం ఎన్కసీరి పంపు, ఎవరు వద్దన్నరు? ముందుగాల రొట్టె పోవాలె. నేను పోత."

"నువ్వా? పిలవని జాగకు, బాష రానోళ్ల దగ్గరికా?"

"పెండ్లికి పిలుస్తె పోతం. సావుకు ఎవరన్న పిలుస్తరా సేటు? మొగోళ్లు పోతే లారీ మీదికెళ్లి ఇసిరేసి వస్తరు. నేను కూసుండి తినిపిచ్చి వస్త."

"తినకపోతే?"

"తినిపిచ్చే వస్త అంటున్న గద."

అంత మంది ముందు అన్న మాట. అది ఆమెకు ఎంత బరువో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు.

ఆ పగలంతా యార్డు రేకుల షెడ్డు కింద మూడేసి రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించారు. ఏ ఇంటి జొన్నపిండి ఆ ఇంటి నుంచే వచ్చింది. సకీనా ఉండే గల్లీ నుంచి ఆడవాళ్లు పెనాలు నెత్తిన పెట్టుకొని వచ్చారు. మా ఇంటి పెనం పోయింది, దానితో పాటు నేనూ పోయాను. నా చేతుల్లో రొట్టె మూడుసార్లు విరిగాక నన్ను నీళ్లు మోయడానికి పెట్టారు. ముఠాలోని వెంకవ్వ నోటికి ఆ రోజు కూడా తాళం పడలేదు.

"సకీనా, గది రొట్టెనా బండనా? భూకంపమొచ్చినా పలుగదు."

"నీదేం తక్కువనా? నీ రొట్టెల నుంచి జూస్తె నిజాంబాద్ కనవడ్తది."

పొయ్యిల చుట్టూ నవ్వు లేచింది. అనేసిన మాట ఏమిటో వెంకవ్వకే ముందు తట్టింది. పిండి చేత్తో నోరు మూసుకుంది. నవ్వు ఎలా లేచిందో అలాగే పడిపోయింది.

సాయంత్రానికి రొట్టెలు ఆరబెట్టి, ఉతికిన గుడ్డల్లో మూట కట్టారు. నీలవ్వ సొంతంగా ఒక డబ్బా ఎల్లిపాయకారం దంచింది. ఇంటింటి నుంచి చీరలు, ధోవతులు వచ్చాయి. ఇన్నీ వేసేందుకు సేటు గోదాములోని ఖాళీ సంచులు దులిపి ఇచ్చారు. నీలవ్వే ఒక్కొక్కటి తిరగేసి, చిరుగు లేనివి ఏరి నింపింది. అవి పసుపు సంచులని ఆమెకు గాని, మాలో ఒక్కరికి గాని తోచలేదు. ఆర్మూరులో సంచి అంటే అదే.

తెల్లవారి నజీర్ లారీ తీశాడు. అతను సకీనా మేనల్లుడు. ముందు సీట్లో అతని పక్కన నీలవ్వ, సకీనా. బోధన్ దాటి, దెగ్లూర్ దాటి, ఉద్గీర్ దాటేసరికి వాన పట్టుకుంది. పైన కప్పి కట్టిన తాడిపత్రి పట్టా ఒక మూల చిరిగిందని వాళ్లకు తెలియదు. దారి నిండా లారీలు, జీపులు, మిలిటరీ బండ్లు. నడిచే బండి కంటే ఆగిన బండ్లే ఎక్కువ. మరునాడు పొద్దున గాని చేరలేదు. తర్వాత జరిగింది సకీనా నోటి నుంచి నేను విన్నదే. నీలవ్వను అడిగితే 'ఏమున్నది, పోయినం, పెట్టినం' అంటుంది.

ఊరు మొదట్లో గోడలు లేవు, దర్వాజా చట్రాలు మాత్రం అక్కడక్కడ నిలబడి ఉన్నాయి. వానకు సగం ఆరిన చితుల పొగ నేలబారుగా పాకుతోంది. బురదలో పాతిన కర్రల మీద రేకులు కప్పి, కింద ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకొని కూర్చున్నారు. వాళ్ల చుట్టూ బురదలో ఎవరో విసిరిపోయిన చీరలు, పొట్లాలు అలాగే పడి ఉన్నాయి.

నజీర్ సంచి దించి మూతి విప్పి, అలాగే ఉండిపోయాడు. "అత్తా, గిటు రా."

వాన లోపలికి దిగి సంచుల్లోని పసుపంతా కారింది. తెల్ల చీరల మీద, ధోవతుల మీద పెళ్లిబట్టలకు పెట్టినట్టు పసుపు మరకలు. మూటగుడ్డలు పచ్చగా తడిసి ఉన్నాయి. లోపలి రొట్టెలు పెళుసుగానే ఉన్నాయి గాని పైవాటి అంచులకు రంగు ఎక్కింది. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పసుపు వాసన ముక్కుకు తగిలిందట నీలవ్వకు.

రొట్టెల కోసం లేచి వచ్చిన ఆడవాళ్లు ఆ రంగు చూసి ఆగిపోయారు. వాళ్లలో ముందు నిలబడ్డామె పేరు సోజర్‌బాయి అని తర్వాత తెలిసింది. నొసటి బొట్టు తుడిచేశారు, చేతులకు గాజుల్లేవు, మణికట్ల మీద వాటి గీతలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. చంకలో ఆడపిల్ల. ఆమె సంచిని చూసి ఏదో అని, వెనుదిరిగి రేకు కిందికి పోయి కూర్చుంది. మిగతావాళ్లు కూడా ఆమె వెంటే మళ్లారు. పిల్లలు మాత్రం రొట్టెల వంకే చూస్తూ పోయారు.

"ఏమన్నది?" అని అడిగింది నీలవ్వ. సకీనాకు ఉర్దూ వల్ల వాళ్ల మాట సగం సగం అందుతుంది.

"ఏం లేదక్కా."

"సకీనా, చెప్పు."

"మా పసుపు దినాలు అయిపోయినయ్, గిది తీస్కపోండ్రి అన్నది."

నజీర్ సంచి మూతి మళ్లీ కట్టబోయాడు. "ఇంకో ఊరికి పోదాం అత్తా. గీ బాధల ఎవలకు ఏమని జెప్తం?"

"ఊకో" అంది నీలవ్వ. ఒక మూట విప్పి రెండు రొట్టెలు తీసి కొంగులో పెట్టుకుంది. పోయి సోజర్‌బాయి పక్కన బురదలోనే కూర్చుంది. రెండు అరచేతులు తిప్పి మోకాళ్ల మీద పెట్టుకుంది. రేకు చివర నుంచి వాన చుక్కలు ఆ చేతుల మీద పడుతున్నాయి. ఎన్ని పడ్డా గీతల్లో పట్టిన పసుపు కదలలేదు.

సోజర్‌బాయి ముందు చూడనట్టే ఉంది. తర్వాత చేతులు చూసింది. అక్కడి నుంచి చూపు నీలవ్వ మెడ మీదికి, బోసి నొసటి మీదికి పోయింది. మళ్లీ చేతుల మీదికి వచ్చింది. సకీనా దగ్గరికి వచ్చి చతికిలబడింది.

"నీ పెనిమిటి అని అడుగుతున్నదక్కా."

"పోయిండు. తొమ్మిదేండ్లు దాటింది."

"మరి గీ చేతులేంది అంటున్నది."

"కూలి చేతులు. పసుపు ఏరుత. నన్ను, నా బిడ్డను సాదింది గిదే" అని, నీలవ్వ సోజర్‌బాయి వైపు తిరిగి తెలుగులోనే అంది. "మా ఊరి సంచులన్ని గిట్లనే ఉంటయ్ చెల్లె. మా కండ్లకు ఆనది. తప్పయింది. నీ పుండు గిల్లుదామని తేలేదు."

ఈ మాట సకీనా మార్చి చెప్పిందో లేదో ఆమెకే గుర్తు లేదు. నీలవ్వ రంగెక్కిన అంచు తుంచి తన నోట్లో వేసుకుంది. మరో ముక్క తుంచి సోజర్‌బాయి నోటి దగ్గర పెట్టి పట్టుకుంది. చెయ్యి అలాగే ఉంది. సోజర్‌బాయి ఆ ముక్క అందుకొని ముందు బిడ్డ నోట్లో పెట్టింది. నీలవ్వ ఇంకోటి తుంచింది. ఈసారి ఆమె నోరు తెరిచింది.

చాలాసేపు నమిలింది. తర్వాత ఏదో అంది. సకీనా ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి చెప్పింది.

"కారం లేదా అంటున్నదక్కా."

"ఉన్నది. నజీర్, గా డబ్బా తే."

రేకుల కింద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. నీలవ్వ, సకీనా ఒక్కొక్కరి పక్కనా కూర్చున్నారు. తొందర పెట్టలేదు, ఒక్క రొట్టె కూడా విసరలేదు. ఏడ్చినవాళ్లను ఏడవనిచ్చారు. తిన్నవాళ్లకు నీళ్లిచ్చారు. మరకల చీరలు కప్పుకొని పిల్లలు పడుకున్నారు.

సగం సంచులు ఇంకా మిగిలి ఉండగా సోజర్‌బాయి లేచింది. వాగు అవతల ఒక వాడ ఉందనీ, బురదకు ఏ బండీ అటు పోలేదనీ చెప్పింది. బిడ్డను పక్కనున్నామెకు అందించి, రొట్టెల సంచి ఒకటి తనే నెత్తికెత్తుకుంది. తడి సంచి నుంచి పసుపు కారి ఆమె భుజాల మీదికి దిగుతున్నా తుడుచుకోలేదు. మోకాలి లోతు నీళ్లలో ఆమె ముందు, వెనక నీలవ్వ, సకీనా, నజీర్. అవతలి ఆడవాళ్లు కూడా ఆ రంగు చూసి తటపటాయించారు. సోజర్‌బాయి సంచి దించి వాళ్లతో ఏదో గట్టిగా అంది. 'ఇది ముత్తైదువల పసుపు కాదే, కూలిదాని పసుపు. తినండి' అందట.

లారీ ఆర్మూరుకు తిరిగి వచ్చేసరికి యార్డంతా ఎదురు చూస్తోంది. నీలవ్వ దిగింది. గొంతు బొంగురుపోయింది. ఏమని అడగాలో తెలియక రాజేశ్వర్ సేటు లారీ వెనక్కి పోయి, ఖాళీ సంచులు చూసి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"తిన్నరా నీలవ్వా?"

"తిన్నరు. కారం సాలలే" అంది నీలవ్వ. "సంచులు కొత్తయి తెప్పియ్యి సేటు, పసుపు మరక లేనియి. ఇంకో లారీ కట్టాలె."

సేటు ఆ రోజే నిజామాబాదుకు మనిషిని పంపాడు. మర్నాడు మళ్లీ పొయ్యిలు వెలిగాయి. ఈసారి వెంకవ్వ కూడా లారీ ఎక్కుతానంది. ముఠాలో ఎవరు పోవాలి, ఎవరు ఆగాలి అన్న దగ్గర పెద్ద కొట్లాటే జరిగింది.