ఘటసర్పానికీ సుడి వెతికిన జకరయ్య

మా జకరయ్య ఎదుట ఏ మృగమూ మంచిది అనిపించుకోలేదు. సంతకొచ్చిన కోడె అయినా, బైబిల్లోని ఘటసర్పమైనా, కొమ్ములు లెక్కపెట్టి, పండ్లు చూసి, ఒంటి మీద వెంట్రుకల సుడి వెతికి, ఏదో ఒక వంక పెట్టందే వదలడు. నలభై ఏళ్లు నంద్యాల సంతలో పశువుల దళ్లాలీ చేసినవాడు. మా ఆయనకు వరుసకు తమ్ముడు కాబట్టి నాకు మరిది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఆళ్లగడ్డలో చర్చివాళ్లు ఉజ్జీవ కూటాలు పెట్టారు. కోస్తా నుంచి వచ్చిన ప్రసంగీకుడు పందిట్లో దుప్పటంత బొమ్మ వేలాడదీశాడు. సముద్రంలోంచి లేస్తున్న క్రూరమృగం. ఏడు తలలు, చిరుతపులి ఒళ్లు, ఎలుగుబంటి కాళ్లు, సింహం నోళ్లు. ఆయన బెత్తంతో ఒక్కో తలనూ తాకి చూపిస్తుంటే ఆడవాళ్లు బిడ్డల్ని కొంగుల కింద దాచుకున్నారు. నా పక్కనున్న రూతు ఏడుపే మొదలుపెట్టింది. అప్పుడు ముందు వరసలోంచి జకరయ్య లేచి, తువ్వాలు భుజాన సర్దుకొని, బేరానికి పోయినట్టు బొమ్మ దగ్గరకు పోయాడు.

"అయ్యగారూ, వాక్యంలో కొమ్ములెన్ని?"

"పది."

"ఈడ పద్నాలుగు ఉండాయి."

రెండో తరగతితో బడి మానేసిన నేను కూడా వేళ్లు మడిచి చూశాను. పద్నాలుగే. బొమ్మ వేసినవాడు తలకు రెండు చొప్పున పెట్టేశాడు. ప్రసంగీకుడు తడబడి, కొమ్ములు రాజులకు గుర్తు, మనం చూడాల్సింది భావం అన్నాడు. జకరయ్య అంత తేలిగ్గా వదిలే రకమా?

"భావం సరేనప్పా. ఏడు తలలకు పది కొమ్ములు పంచు, చూద్దాం. మూడు తలలకు జత పెడితే నాలుగు తలలకు ఒంటి కొమ్మే. ఒంటికొమ్ము గొడ్డును నంద్యాల సంతలో చూసేదానికి గూడా ఎవురూ రారు. పైన చిరుతపులి నడుము, కింద ఎలుగు కాళ్లు. అది మనల్ని తరిమేదెప్పుడు, పట్టేదెప్పుడు?"

వాక్యాన్ని ఎగతాళి చేస్తున్నావా అని ఆయన గద్దించాడు. వాక్యాన్ని కాదు, గొడ్డును చేస్తున్నానన్నాడు ఇతను. ఏడుస్తున్న రూతు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పందిరంతా అంటుకుంది. మరునాటి కూటానికి ప్రసంగీకుడు వచ్చాడు గానీ బొమ్మ రాలేదు.

ఇక జకరయ్యను పట్టేవాళ్లు లేరు. భూమిలోంచి వచ్చే రెండో మృగానికి గొర్రెపిల్ల కొమ్ములు, ఘటసర్పం మాట అని ఎవరో చదివితే, అట్లాంటివాళ్లు మా దళ్లాలీల్లో చానామంది ఉన్నారన్నాడు. మృగం ముద్ర కుడిచేతి మీదో నొసటి మీదో వేస్తారంటే, ముద్ర తొడ మీద కదా వేసేది, ఈ మృగానికి వ్యాపారం తెలియదన్నాడు. దానియేలు దర్శనంలోని పొట్టేలు ఒక్కటే అతనికి కొంచెం నచ్చింది. దానికీ ఒక కొమ్ము పొడుగు, ఒకటి పొట్టి అని ధర తగ్గించేశాడు. అతను ముందు వరసలో కూచున్న ఆదివారం మా పాస్టరుగారు ప్రకటన గ్రంథం మూసేసి కీర్తనల్లోకి పారిపోయేవాడు.

జూలైలో పంచాయితీ రేడియో స్కైలాబు పడబోతోందని చెప్పింది. అమెరికావాళ్లు ఆకాశంలోకి వదిలిన ఇనుప ఇల్లట. ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదట. మాకు తెలిసిపోయింది. ఘటసర్పం తోక ఆకాశ నక్షత్రాల్లో మూడో భాగాన్ని ఈడ్చి భూమి మీద పడేసిందని కూటాల్లో విన్నాం కదా, వాటిలో మొదటిది మా ఊరి మీదేనని తేల్చుకున్నాం. హిందువులూ మాతో సమానంగా భయపడ్డారు. ముందు కోళ్లు కూరలోకి పోయాయి, తర్వాత మేకలు. ఇంతలో ఎక్కడివాళ్లో బేరగాళ్లు లారీ వేసుకొచ్చారు, గొడ్లను సగం ధరకు తోలుకుపోవడానికి. వాళ్లకు మాత్రం లోకం అంతమయ్యేటట్టు లేదు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

నాకు ఎస్తేరు అని ఒక బర్రె ఉండేది. మా ఆయన పోయాక దాని పాలు రోడ్డు మీది టీ హోటలుకు పోసే నేను బతికింది. వేరే ఆధారం లేదు. అలాంటి ఎస్తేరును అమ్మేసి, నంద్యాల పోయి పట్టుచీర కొనుక్కోవాలని తీర్మానించాను. ప్రభువు మేఘాల మీద వచ్చే రోజు చిరుగుల చీరతో నిలబడటం నాకు ఇష్టం లేదు. నలుగురూ చూస్తారు.

బేరం కుదర్చాల్సింది జకరయ్యే. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లతో ధర చెప్పుకోవడానికి బేరగాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఇతను తువ్వాలు భుజం మీంచి తియ్యనేలేదు. సుబ్బయ్య ఎద్దుకు వెన్ను మీద చెడ్డ సుడి ఉంది, కొన్నవాడి ఇంట్లో పాడె లేస్తుందన్నాడు. జానకమ్మ ఆవు తన పాలు తానే తాగుతుందన్నాడు. సుడి విషయంలో జకరయ్య మాటంటే సంతలో తిరుగులేదు. బేరగాళ్లు ఒక్కో అడుగు వెనక్కు వేశారు. నా ఎస్తేరు వంతు వచ్చింది. మెడ కింద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"సుడి ఉండాది. పైగా పితికేటప్పుడు తంతాది."

"నీ కండ్లు పోను జకరయ్యా, ఎస్తేరు తన్నేదేందప్పా? దాని కాళ్ల కింద చంటిబిడ్డను పండుకోబెట్టొచ్చు."

"నువ్వు పండుకోబెట్టుకో వదినా. నేనైతే పెట్టను."

లారీ ఖాళీగా పోయింది. దానితోపాటు అతనికి రావాల్సిన దళ్లాలీ డబ్బులు కూడా పోయాయన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగు రోజులు వాకిట్లో నిలబడి అతన్ని ఏడు తరాలు తిట్టాను. అతను ఆ దారినే పోతూ, వస్తూ, ఎండ ఎక్కువగా ఉంది నీడకు పొమ్మనేవాడు.

స్కైలాబు పోయి ఆస్ట్రేలియా పక్క పడింది. ఘటసర్పానికి గురి కూడా లేదు. లారీ మాకంటే ముందు పోయిన పక్క ఊళ్లో, వాన పడ్డాక దున్నడానికి ఎద్దులు లేక జనం మా ఊరికి అడుక్కోవడానికి వచ్చారు. పాడె లేపే సుబ్బయ్య ఎద్దు మాత్రం మడక లాగుతూనే ఉంది. ఒక పొద్దున ఎస్తేరు దగ్గర కూచొని, చెంబు నిండుతుండగా, దాని మెడ కింద చెయ్యి పెట్టి వెతికాను. ఈ పక్క వెతికాను, ఆ పక్క వెతికాను. సుడీ లేదు, దాని అమ్మ మొగుడూ లేదు.

చెంబు చేతిలో పట్టుకొనే అతని ఇంటికి పోయాను. పలుపు పేనుకుంటూ కూచున్నాడు.

"సుడి యాడుంది జకరయ్యా?"

"లేదు వదినా."

"మరెందుకు అబద్ధమాడినావ్?"

అతను పలుపు మెలి వదల్లేదు.

"ఘటసర్పం నచ్చత్రాలను ఈడ్చుకపోతాదని రాసినారు. మా వదిన బర్రెను గూడా ఈడ్చుకపోవాలని యాడా రాయలేదు గదా."

ఇంకా నాలుగు తిట్లు మిగుల్చుకొని పోయినదాన్ని, వాటిని మింగి, చెంబు అతని ముందు పెట్టాను. సగం తాగి, వీధిలోకి తొంగిచూసి గొంతు తగ్గించాడు. ఎన్ని వంకలు పెట్టినా, లేని సుడి ఉందని నలభై ఏళ్లలో ఎప్పుడూ అనలేదట. ఒకేరోజు ఊరందరి గొడ్లకూ అన్నాడని సంతలో తెలిస్తే, రేపు దేవదూతను తోలుకుపోయి అమ్మకానికి పెట్టినా ఎవరూ నమ్మరట. అందుకని ఎవరడిగినా ఎస్తేరుకు సుడి ఉందనే నేను చెప్పాలట. ఊళ్లో అంత మంచి బర్రె ఇంకొకటి లేదు, దాని మీద నా నోటితో నేనే చాడీ చెప్పాలి. పళ్లు కొరుక్కొని ఒప్పుకున్నాను.

వాకిలి దాటుతుంటే మళ్లీ పిలిచాడు.

"వదినా, తంతాదని గూడా చెప్పినా గదా. ఈ పొద్దు సంత. దారంతా జనం పోతాండారు. ఇల్లు చేరేదాకా కొంచెం కుంటుకుంటా పో."